తల్లి దాచిన బాల్యము

తుళ్లూరు, మందడము, రాయపూడి, అనంతవరము మొదలైన గ్రామములలో వార్ధక్యము పైబడిన ఏ తల్లినైనను పలుకరించి బిడ్డల యోగక్షేమము లడిగి చూడుడు. పెద్దవాని ప్రసంగము వచ్చినపుడు ఆమె వాని వ్యవసాయమును, వాడు కట్టిన యింటిని చెప్పును. నడిమిపిల్ల ప్రసంగము వచ్చినపుడు అల్లుని యుద్యోగమును, మనుమల చదువులను చెప్పును. కాని కడగొట్టువాని పేరెత్తగానే ఆమె మాటలలో కాలము వెనుకకు మరలి, ఎక్కడనో సముద్రముల కవతల సంసారభారము మోయుచున్న ఆ మనుష్యుడు తెరమరుగై, మొలత్రాటితో, బుగ్గన దిష్టిచుక్కతో, మిరపకల్లము ప్రక్కన మట్టిలో ప్రాకులాడు శిశువొకడు ఆ స్థానమున వచ్చి నిలుచును. "మా చంటోడు పాలు మానటానికి నన్నెంత ఏడిపించాడనుకున్నావమ్మా!" అని ఆమె యనును. ఆ చంటివాని తలలో నిప్పుడు నల్లవెండ్రుకలకంటె తెల్లవెండ్రుక లెక్కువ.

వినువారు నవ్వి యూరకుందురు. నవ్వి విడువదగినంత తేలిక విషయము కాదిది. ఆమె స్మరించు శిశువు ఇప్పుడు ప్రపంచమున నెచ్చటను లేడు. వాడు మరణించినవాడు కాడు గనుక వానికొరకు శోకించుటకు వీలులేదు. ఆ రూపమున జీవించియున్నవాడును కాడు గనుక ఎత్తుకొని ముద్దాడుటకు వీలులేదు. లేనివానిని ఉన్నవానికంటె స్పష్టముగా చూచుచు, ఆ చూపులో ఇంతటి సుఖమును పొందుచున్న ఈ చిత్తవృత్తికి తత్త్వశాస్త్రము ఏ పేరు పెట్టవలెను? భగవద్గీత త్రయోదశాధ్యాయమున జ్ఞానలక్షణములను వరుసగా చెప్పుచు, పుత్రదారగృహాదులయందు సక్తి లేకుండుటను భగవానుడు వానిలో చేర్చినాడు. కడవయసున చేయదగినది భగవన్నామస్మరణమని పెద్దలందురు. ఈ తల్లి చేయుచున్నది చంటివాని స్మరణము. ఇది మోహమైనచో, జన్మమంతయు బిడ్డలకై ధారపోసిన స్త్రీకి, ఆ ధారపోయుటయే కడపట జ్ఞానమునకు అడ్డుగోడ యగునని ఒప్పుకొనవలసి వచ్చును. మోహము కాదందుమా, వైరాగ్యమును బోధించిన మహాగ్రంథములకు సమాధానము చెప్పవలసి వచ్చును. ప్రశ్న ఇంటింట నున్నదే. చిక్కు మాత్రము జ్ఞానమార్గమునకును భక్తిమార్గమునకును నడుమ నున్న పాతచిక్కు.

తీర్పు చెప్పుటకు ముందు ఆ స్మృతి యెట్టిదో తెలియవలెను. కృష్ణ యొడ్డున నున్న జరీబు భూములను వదలి దక్షిణముగా నల్లరేగడి మెట్టచేలలోనికి పోయినచో, ఒకప్పుడు సంక్రాంతి మొదలు ఉగాది దాటువరకు ఎక్కడ చూచినను మిరపకోతలే కనబడెడివి. చంటిబిడ్డగల తల్లి గట్టున నున్న తుమ్మకొమ్మకో వేపకొమ్మకో పాతచీరతో ఉయ్యాల కట్టి, పెద్దపిల్లను కాపుంచి, సాలులోనికి దిగెడిది. బిడ్డ యేడ్చిన తక్షణమే పోయి ఎత్తుకొనుటకు వీలుండెడిది కాదు. కాయలు కోసిన వ్రేళ్లకు పట్టిన కారము వట్టి నీళ్లకు పోదు. మజ్జిగతోనో ఆముదముతోనో రుద్దుకొని, కడిగికొని, వ్రేలిని తన పెదవికి తాకించి మంట లేదని నిశ్చయించుకొన్న పిదపనే ఆమె బిడ్డను ముట్టుకొనవలెను. ఆ కాసేపటి యాలస్యము, ఆ యేడ్పు, ఇన్నేండ్లైనను ఆమె చెవిలో ఆరిపోలేదు. సాయంకాలము ఇల్లు చేరి, ఉప్పును ఎండుమిరపకాయలను బిడ్డకు దిగదుడిచి పొయ్యిలో వేసి, కోరు రాలేదని, గట్టి దిష్టియే తగిలినదని బెంగపడినదియు నామెయే. ఇంటికి కూడు పెట్టిన పంటయే బిడ్డను తాకరాని మంటయు, బిడ్డను కాచెడి రక్షయు నైన ఆ సంసారమున, పత్తితీతలు ముగిసి, ధర వచ్చువరకు గదినిండ పోసియుంచిన పత్తిలో ఆ చంటివాడు మునిగి, ముక్కునిండ నూగుతో తుమ్ముచు బయటికి వచ్చిన మధ్యాహ్నము ఆమె స్మృతిలో నొక పర్వదినము.

మన యిండ్లలో శైశవమునకు తనదైన పంచాంగము కలదు. నవ్వినచో నువ్వుండలు, బోర్లపడినచో బొబ్బట్లు, అడుగులు వేసినచో అరిసెలు, గడప దాటినచో గారెలు, మాటలు వచ్చినచో పంచదార చిలుకలు వీధివారికి పంచిపెట్టుట మనవారి యాచారము. బారసాల, అన్నప్రాశనము, కోటప్పకొండమీదనో అమరేశ్వరుని సన్నిధినో పుట్టువెంట్రుకలు తీయించుట, అక్షరాభ్యాసము మున్నగునవి పురోహితుడు చేయించు సంస్కారములు; అరిసెలును గారెలును తల్లులు చేయు సంస్కారములు. వీనికి మంత్రము లేదు, ముహూర్తము లేదు. బిడ్డ బోర్లపడినదే ముహూర్తము.

అయితే ఇవన్నియు ప్రతి బిడ్డకును జరిగినవే కదా. కడగొట్టువానివే తల్లి మనస్సున ఇంత గాఢముగా ఏల నిలిచినవి? తొలిచూలు బిడ్డ పెరిగినపుడు తల్లి తానును చిన్నది. అత్తగారి యదుపు, చేతకానితనము, ఏది జ్వరమో ఏది పండ్లు వచ్చు వేడియో తెలియని భయము ఆ కాలమునంతయు క్రమ్ముకొన్నవి. ఆమె బిడ్డను పెంచినది గాని తీరికగా చూడలేదు. నడిమివారి కాలమున పని యెక్కువ, చేతులు తక్కువ. కడపటివాడు వచ్చునప్పటికి భయము పోయినది, ఇంటి పెత్తనము చేతికి వచ్చినది, అన్నిటికంటె ముఖ్యముగా, ఇక మరియొకడు లేడని తెలిసినది. ఆ బిడ్డకు మొదటి పన్ను వచ్చినపుడు అది వానికి మొదటిది, తల్లికి కడపటిది. వాని మొదటి యడుగు ఆమె యింట కడపటి మొదటి యడుగు. మరల రానిదని తెలిసి చూచిన చూపు ఎంత నిలుకడగా నుండునో వేరుగ చెప్పనక్కరలేదు. ఒకే విషయముమీద చిత్తవృత్తి ఎడతెగక సాగుటను పతంజలి ధ్యానమన్నాడు. మిరపచేని గట్టున కూర్చుండి, పనిని మరచి, బిడ్డ నిదురలో పెదవి కదలించుటను చూచుచుండిన తల్లికి యోగశాస్త్రము తెలియదు. ఆమెకు సిద్ధించినది మాత్రము ఆ శాస్త్రము చెప్పిన యేకాగ్రతయే.

ఏకాగ్రత యున్నంత మాత్రమున అది జ్ఞానమగునా? లోభికి ధనముమీద నున్నదియు ఏకాగ్రతయే. వైరాగ్యపక్షమువారి వాదము బలహీనమైనది కాదు. దానిని సంపూర్ణముగా వినవలెను. ఐతరేయ బ్రాహ్మణమున శునశ్శేపోపాఖ్యానము కలదు. హరిశ్చంద్రుని కుమారుడు రోహితుడు తనకు మారుగా వరుణునికి బలియిచ్చుటకై అజీగర్తుడను దరిద్రబ్రాహ్మణుని ముగ్గురు కొడుకులలో నొకనిని నూరు గోవులకు కొనవచ్చినపుడు, తండ్రి పెద్దవానిని నాకని పట్టుకొన్నాడు, తల్లి చిన్నవానిని నాకని పట్టుకొన్నది, నడిమివాడైన శునశ్శేపుడు యూపస్తంభమునకు పోయినాడు. రామాయణ బాలకాండమును కొన్ని పేర్లను మార్చి ఈ కథనే చెప్పినది. అచ్చటను తల్లి కడగొట్టువానిని విడువలేదు. కడగొట్టు బిడ్డపై తల్లికి గల ప్రేమను వేదవాఙ్మయమున తొలుత చూడబోయినచో కనబడునది యిది: ఒక బిడ్డను కౌగిలించుకొన్న చేతులే మరియొక బిడ్డను వధ్యశిలకు వదలిన దృశ్యము. ప్రేమ యొకచోట చిక్కబడినపుడు మరియొకచోట పలుచబడునని, ఆ పలుచదనమే అధర్మమునకు త్రోవయని చెప్పుటకు ఇంతకంటె తీవ్రమైన కథ లేదు.

తుళ్లూరునకు పడమట, కృష్ణాతీరముననే, అమరావతి మహాస్తూపమునుండి వినవచ్చు వాదము మరియొకటి. ఆ స్తూపశిల్పములలో మాయాదేవి స్వప్నము, సిద్ధార్థుని జననము చెక్కబడినవి. బిడ్డ పుట్టిన యేడవనాడే ఆ తల్లి మరణించెను. బౌద్ధుల థేరీగాథలలో ఉబ్బిరి యనునామె చరిత్ర కలదు. జీవ యను పేరుగల చిన్నకూతురు చనిపోగా, శ్మశానమునకు పోయి, ఆ పేరు పిలిచి పిలిచి యేడ్చుచున్న ఆమెను చూచి, జీవ యను పేరుగల కూతుండ్రు ఎనుబదినాలుగువేలమంది యిక్కడనే కాలినారు, నీవు ఎవతెకై యేడ్చుచున్నావని బుద్ధుడు ప్రశ్నించెను. ఆ ప్రశ్న ఆమె గుండెలో నాటుకొన్న బాణమును పెరికివేసినదట. కఠినమైన ప్రశ్నయే. కాని దానిలో నీ కూతురు నీకేమియు కాదన్న మాట లేదు. ఆ ఎనుబదినాలుగువేలమందియు నీ కూతుండ్రే గదా యన్న మాట యున్నది. ప్రేమను నరకుమనలేదు, దాని పొలిమేర చెరుపుమన్నాడు. ఆ బౌద్ధులే మైత్రీభావనను బోధింపవలసి వచ్చినపుడు, తల్లి తన యేకైకపుత్రుని ప్రాణమొడ్డి కాచునట్లు సకల ప్రాణులయందును మనస్సును పెంపొందింపుమని, తల్లినే కొలమానముగా తెచ్చుకొన్నారు. త్యజింపదగిన వస్తువునే కొలమానముగా నెవ్వరును పెట్టుకొనరు.

ఇచ్చట మన పురాణములలో నొక విచిత్రము గమనింపదగియున్నది. సిద్ధార్థుని కన్నది మాయ, పెంచినది మహాప్రజాపతి. కృష్ణుని కన్నది దేవకి, పెంచినది యశోద. సహదేవుని కన్నది మాద్రి, పెంచినది కుంతి. వాత్సల్యమునకు ఆదర్శములని మనము చెప్పుకొను ఈ ముగ్గురిలో నొకతెయు ఆ బిడ్డను కన్నది కాదు. పుత్రస్నేహము కేవలము దేహసంబంధమువలన పుట్టిన మోహమే యైనచో, ఆ స్నేహపు పరాకాష్ఠను కథకులు కన్నవారియందు చూపవలసియుండెను. వారట్లు చేయలేదు. ఎవరు శైశవమును చూచినారో, ఎవరి జ్ఞాపకమున ఆ శైశవము నిలిచియున్నదో, వారినే తల్లులుగా నిలిపినారు. వాత్సల్యమునకు మూలము గర్భమున లేదు, అవధానమున నున్నదని వారి యభిప్రాయముగా తోచుచున్నది.

పోతన తెలిగించిన భాగవత దశమస్కంధమున యశోద కొడుకు నోట సమస్త బ్రహ్మాండములను చూచును. కలయో వైష్ణవమాయయో తన బుద్ధిభ్రమయో యని తల్లడిల్లి, కట్టకడకు ఇతడే సర్వాత్మకుడని నిశ్చయించుకొనును. సామాన్యముగా నైనచో ఆ జ్ఞానముతో కథ ముగియవలెను. మునులు జన్మజన్మములు తపస్సుచేసి కోరునది యదియే గదా. కాని వెంటనే భగవంతుడు పుత్రస్నేహరూపమైన మాయను ఆమెపై ప్రసరింపజేయగా, ఆమె ఆ విశ్వరూపమును మరచి, కొడుకును తొడపై కూర్చుండబెట్టుకొన్నది. ఆమెకు మిగిలిన జ్ఞాపకము బ్రహ్మాండము కాదు, మన్ను తిన్న నోరు. అట్లు మరచిన యశోదకు దక్కిన యనుగ్రహము బ్రహ్మకును, శివునకును, లక్ష్మికిని దక్కలేదని ఆ భాగవతమే చెప్పినది. పదునాలుగవ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణమున వత్సలమును ప్రత్యేకరసముగా నంగీకరించుటయు, పదునారవ శతాబ్దమున రూపగోస్వామి వాత్సల్యమును ముఖ్యభక్తిరసములలో చేర్చుటయు దీని పర్యవసానములే. దేవుడు నన్ను కాపాడవలెననుట సామాన్యభక్తి. దేవుని నేను కాపాడవలెననుట వాత్సల్యభక్తి. మొదటిదానిలో కోరిక యుండవచ్చును, రెండవదానిలో దానికి చోటే లేదు.

దీనికెదురుగా దేవకిని నిలిపి చూడుడు. కంసుడు చంపిన ఆరుగురు కొడుకులను చూపుమని ఆమె ప్రౌఢుడైన కృష్ణుని అడిగినట్లును, రామకృష్ణులు సుతలమునకు పోయి బలిచక్రవర్తివద్ద నున్న ఆ బిడ్డలను తెచ్చి యిచ్చినట్లును, ఆమె వారికి పాలిచ్చినట్లును, వారు స్వస్వరూపజ్ఞానము పొంది మ్రొక్కి దేవలోకమునకు పోయినట్లును దశమస్కంధము చివర చెప్పబడినది. జగన్నాథుడే కొడుకై యెదుట నిలిచియుండగా ఆమె యడిగినది మోక్షము కాదు, తాను చూడనోచని శైశవము. యశోదకు జ్ఞాపకమున్నది గనుక ఆమె యడుగలేదు. దేవకికి జ్ఞాపకము లేదు గనుక అడిగినది. సూర్యగ్రహణ సమయమున కురుక్షేత్రమున చిరకాలమునకు కృష్ణుని చూచినపుడు నందయశోదలు ఆయనను కౌగిలించుకొని శోకమును విడిచిరి. మా యింటికి రమ్మని గాని, ఎన్నాళ్లకు కనబడితివని గాని యశోద యనినట్లు అక్కడ లేదు. స్మృతి నిండుగా నున్నచోట నిష్ఠూరమునకు చోటు లేకపోయినది.

ఇప్పుడు మన ప్రశ్నకు సమాధానము కొంత దగ్గరకు వచ్చినది. స్మృతిని తార్కికులు ప్రమాణములలో చేర్చరు. సంస్కారమునుండి మాత్రమే పుట్టునది గనుక అది పాతజ్ఞానమునే మరల తెచ్చునని ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహము కూడ అంగీకరించిన పక్షము. కాని మనలో నెవనికిని తన మొదటి రెండుమూడేండ్ల జ్ఞాపకము లేదు. నేను ఎప్పుడు నవ్వితిని, ఏ మాట మొదట పలికితిని, ఎవరిని చూచి భయపడితిని అను సంగతులు నాకు ప్రత్యక్షము కావు, అనుమానమునకు అందవు. ఆప్తవాక్యము తప్ప గతిలేదు. ఆ ఆప్తురాలు తల్లి. ఆమెకు వట్టి స్మృతియైనదే నాకు శబ్దప్రమాణమగుచున్నది. అందులోను పెద్దబిడ్డ శైశవమునకు అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్తలు మొదలైన సాక్షులు పలువురుందురు. కడగొట్టువాడు పెరుగునాటికి ఆ పెద్దలు పోయియుందురు, అన్నలక్కలు తమ యాటలలో నుందురు. వాని తొలియేండ్లకు తల్లి యొక్కతెయే సాక్షి. వాని ఆయుస్సులో మొదటి భాగమంతయు వానియొద్ద లేదు, ఆమెయొద్ద నున్నది.

ధర్మశాస్త్రకారులు వ్యవహారపదములలో నిక్షేపమును రెండవదానిగా లెక్కించినారు. ఒకడు నమ్మి దాచుకొన్న సొమ్మును వేరొకడు కాపాడవలెను. తన సొమ్మువలె వాడుకొనరాదు. అడిగినపుడు ఉన్నదున్నట్లు తిరిగి యియ్యవలెను. తల్లి స్మృతి యిట్టి నిక్షేపమని నేను తలంచుచున్నాను. బిడ్డ తన శైశవమును తాను మోయలేక ఆమె చేతిలో పెట్టి ముందుకు నడచిపోయినాడు. ఆమె దానిని తలచుకొనుట కావలికాయుట. మనుమలకు చెప్పుట, కొడుకునకే చెప్పుట, తిరిగి యిచ్చుట. ఇంతవరకు మోహము లేదు. ఎప్పుడు ఆమె ఆ నిక్షేపమును తన సొమ్మనుకొని, "అప్పుడు నా కొంగు పట్టుకొని తిరిగినవాడివి, ఇప్పుడు ఫోనుకూడా చెయ్యవు" అని వర్తమానమున నున్నవానిపై దావా వేయునో, అప్పుడు స్మృతి బంధమైనది. ఆనాటి శిశువును ఈనాటి పురుషునికి పోటీగా నిలుపుటయే మోహము. గీత నిషేధించిన సక్తి యదియే. శునశ్శేపుని తల్లి దోషమును అదియే. ఆమె చిన్నవానిని ప్రేమించుట తప్పు కాదు, నాకని పట్టుకొనుట తప్పు.

మార్కండేయపురాణమందలి మదాలస ఉయ్యాలలోనున్న బిడ్డలకు ఆత్మతత్త్వమునే జోలగా పాడి మొదటి ముగ్గురు కొడుకులను విరాగులను చేసినది. తిక్కనకు శిష్యుడైన మారన ఈ పురాణమును తెనిగించి ఆమెను మన యిండ్లకు తెచ్చినాడు. భర్త వేడికొనగా నాలుగవవాడైన అలర్కుని మాత్రము ఆమె గృహస్థధర్మమునకు, రాజ్యపాలనమునకు పెంచినది. కాని తాను వనమునకు పోవునాడు వాని చేతికొక యుంగరమిచ్చి, దుస్సహమైన కష్టము వచ్చినపుడు దానిలోని లేఖను చదువుకొనుమన్నది. జ్ఞానియైన ఆ తల్లియు కడగొట్టువానిని వట్టిచేతులతో విడువలేదు. తానుండనికాలమునకు పనికివచ్చునట్టి వస్తువొకటి యిచ్చి విడిచినది. వాత్సల్యము విరక్తికి విరోధి కానక్కరలేదనుటకు ఆ యుంగరము చాలును.

అయినను ఈ విషయమున నాకు పరమప్రమాణము కుంతి. తిక్కన తండ్రి కొమ్మన గుంటూరి విభుడు. ఆ యింటివాడు తెలిగించిన పర్వములలో ఆశ్రమవాసపర్వ మొకటి. యుద్ధము ముగిసి, కొడుకులు రాజ్యమేలుచుండగా, కుంతి గాంధారీధృతరాష్ట్రులతో అడవికి బయలుదేరినది. పూర్వము పాండవులు వనవాసమునకు పోవునపుడు సహదేవుని కనిపెట్టియుండుమని ద్రౌపదికి అప్పగించిన ఆ తల్లి, తాను వనమునకు పోవునపుడును ధర్మరాజుతో సహదేవునియెడ ఏమరుపాటు కూడదని చెప్పినది; వెంటనే కర్ణుని ఎల్లప్పుడును తలచుకొనుచుండుమన్నది. ఆ రెండు పేర్లు ప్రక్కప్రక్కన వచ్చుట యాదృచ్ఛికము కాదు. ఒకడు తాను కని నీటిపాలు చేసిన తొలిబిడ్డ, వాని శైశవము ఆమెయొద్ద లేదు. ఒకడు తాను కనకయే పెంచిన కడగొట్టుబిడ్డ, వాని శైశవమంతయు ఆమెయొద్దనే యున్నది. ఆమె మాతృత్వపు రెండు కొసలును ఆ రెండు పేర్లలో నున్నవి.

పిదప కొన్నాళ్లకు పాండవులు ఆశ్రమమునకు చూడవచ్చినపుడు, అందరికంటె ముందు పరుగెత్తిపోయి తల్లి పాదములపై బడి వెక్కివెక్కి యేడ్చినవాడు సహదేవుడు. అప్పటికి అతడు మహాయుద్ధమున శకునిని చంపిన వీరుడు, ప్రౌఢుడు. తిరిగిపోవుదినమున అతడు, అమ్మను విడిచి పోజాలను, ఇక్కడనే తపస్సు చేసికొందునని పట్టుపట్టగా, కుంతి వానిని కౌగిలించుకొని, నాయనా పొమ్మని పంపివేసినది. నీవిక్కడ నున్నచో నీ స్నేహపాశమునకు కట్టువడి నా తపస్సునుండి జారిపోదునని నిజము చెప్పినది. మన ప్రశ్నను ఇంత నేరుగా ఎదుర్కొన్న తల్లి వేరొకతె లేదు. ఆమె తనకు వాత్సల్యము లేదనలేదు, నేనన్నిటిని జయించితిననలేదు. పాశమున్నదని ఎరిగి, దాని బలమును తక్కువ చేయక, కొడుకును మాత్రము వాని జీవితమునకు పంపివేసినది. స్మృతిని తనయొద్ద నుంచుకొని మనుష్యుని విడిచిపెట్టుట, ఇదియే తల్లికి తగిన వైరాగ్యము.

ఇట్లు విడిచిపెట్టిన వాత్సల్యము ఎచ్చటికి పోవును? తుళ్లూరునకు తూర్పుగా నున్న మల్కాపురమున నందిస్తంభముపై 1261 నాటి కాకతీయశాసనము దీనికి నిదర్శనము. గణపతిదేవుని గురువైన విశ్వేశ్వరశివాచార్యునికి గణపతిదేవుడు వాగ్దానము చేసిన మందడమును, దానితో వెలగపూడిని, రుద్రమదేవి దానము చేసిన ఆ శాసనమున, గోళకీమఠపు విద్యాలయమును అన్నసత్రమును పేర్కొనుటతో తృప్తిపడక, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను కూడ పేర్కొన్నారు. సన్న్యాసులు నడుపు మఠమున ప్రసూతిశాల! సంసారమును విడిచిన యతి, ఎవరి బిడ్డయో తెలియని బిడ్డ మొదటి యేడ్పునకు తన మఠమునందే చోటు కల్పించినాడు. ఆడబిడ్డల తల్లియైన రాణి దానికి గ్రామముల నిచ్చినది. ఉబ్బిరికి బుద్ధుడు చూపిన దారి, పొలిమేర చెరిపిన ప్రేమ, ఈ మిరపచేల నడుమ ఏడున్నర శతాబ్దముల క్రిందటనే రాతిమీద వ్రాయబడి యున్నది.

ఆ మందడము, ఆ వెలగపూడి, ఈ తుళ్లూరు 2015 నుండి రాజధాని ప్రాంతమైనవి. ఊరివారు పూలింగని పిలిచెడి భూసమీకరణమున రైతులు పొలముల నిచ్చినారు. గట్లు చెరిగినవి, రోడ్లు పడినవి, కల్లములున్న చోటులు కల్లములని గుర్తుపట్టు వీలులేదు. తన చంటివాడు తొలి యడుగు వేసిన చోటు చూపుమన్నచో తల్లి చూపలేదు. వాడును ఆ చోట లేడు. ఏ డాలసులోనో, ఏ మెల్‌బోర్నులోనో తన బిడ్డకు తాను అరిసెలు కొని తెచ్చుచున్నాడు. బిడ్డయు పెరిగి దూరమై, చోటును మాసిపోయినను స్మృతి చెడకుండుటనుబట్టి, అది దేహమునకు గాని దేశమునకు గాని కట్టువడినది కాదని తేలుచున్నది. వస్తువు పోగానే నశించునది మోహము. వస్తువు పోయిన పిదపను కోరిక లేక ప్రకాశించునది ఉపాసన.

కావున కడవయసున చంటివాని తలచుకొనుచు తులసికోట ప్రక్కన కూర్చుండిన తల్లితో, అవన్నియు మాని రామనామము చేసికొమ్మని చెప్పువారు తొందరపడినవారే. ఆమె తన స్మృతిని విడువనక్కరలేదు, దానిపై వడ్డి యడుగకున్నచో చాలును. ఆ మాత్రము నిగ్రహమున్నచో ఆ జ్ఞాపకమే జపము. ఇక కొడుకునకు నొక ధర్మము కలదు. దాచుకొన్నది అడిగినపుడు ఇయ్యవలెనని నిక్షేపధారికి శాస్త్రము విధించినది. అడుగవలసినవాడు మాత్రము సొమ్ముగలవాడే. ఆమె యుండగానే వచ్చి కూర్చుండి, అమ్మా, నేనెప్పుడు నడిచితినని యడుగనివాని తొలి మూడేండ్లు ఎవరికిని చెందక పోవును.